మైనింగ్ యంత్రాలు చేసే లెక్కలు ఎవరికి పనికొస్తాయి?

పాత లెక్కల మాస్టారు, తిరుపతి

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లు హైస్కూలులో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. నా సందేహం కంప్యూటర్లు తెలిసినవారికి చిన్నదిగా కనిపించవచ్చు కానీ నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

2021లో మా మేనల్లుడు భవానీనగర్‌లో తన ఇంటి మేడమీది గదిలో ఆరు గ్రాఫిక్స్ కార్డులను ఒక ఇనుప చట్రానికి బిగించి, ఎదురుగా రెండు టేబుల్ ఫ్యాన్లు పెట్టి, ఈథర్ అనే క్రిప్టో నాణేన్ని మైనింగ్ చేయడం మొదలుపెట్టాడు. ఆ గదిలో అడుగు పెడితే మే నెల మిట్టమధ్యాహ్నం గాంధీరోడ్డులో చెప్పులు లేకుండా నిలబడ్డట్టుండేది. ఇవేం చేస్తున్నాయిరా అని అడిగితే, "క్లిష్టమైన గణిత సమస్యలను సాధిస్తున్నాయి మామా" అన్నాడు. లెక్కల మనిషిని కనుక నాకు ఆ మాట మీద ఆశ పుట్టింది. ఏ సమస్య, ఎవరిచ్చారు, జవాబును ఎవరు దిద్దుతారు, దిద్దిన జవాబులు ఎక్కడ దాస్తారు అని వరసగా అడిగాను. వాడు ఒక్కదానికీ సమాధానం చెప్పలేదు.

తరువాత 2022 సెప్టెంబరు 15న ఆ ఈథర్‌ను నడిపే ఈథీరియం నెట్‌వర్క్ వారు ఆ లెక్కలు అక్కర్లేని పద్ధతికి మారిపోవడంతో మావాడి కార్డులు ఒక్క రోజులో పనిలేనివయ్యాయి. నన్ను తికమకపెట్టింది ఇదే. లెక్కలు ఆగిపోయినా ఆ నాణెం ఆగలేదు, నేటికీ చలామణిలో ఉంది. అంటే అంతవరకు చేసిన లెక్కలన్నీ దేనికోసం? కొండను తవ్వి ఎలుకను పట్టడం అని సామెత విన్నాం, ఇక్కడ ఎలుక కూడా కనిపించడం లేదు. ఇప్పుడు వాడు బిట్‌కాయిన్ యంత్రం కొంటానని మళ్లీ కూర్చున్నాడు. ఈ పనికి అసలు ప్రయోజనమేమిటో దయచేసి ఎవరైనా వివరించగలరా?

ఏర్పేడు విద్యార్థి

మాస్టారు గారికి నమస్కారం. మీ మేనల్లుడు అబద్ధం చెప్పలేదు కానీ పత్రికల్లో అరిగిపోయిన వాక్యాన్నే మీకు అప్పజెప్పారు. మీరూ నేనూ గణిత సమస్య అనుకునేది ఏదీ ఆ యంత్రాలు సాధించవు. ఒక అంకెను ఊహించడం, సరిచూడటం, తప్పితే మరో అంకెను ఊహించడం, రాత్రింబవళ్లు అవి చేసేది ఇంతే.

బిట్‌కాయిన్ సంగతి చెబుతాను, అది సులువుగా అర్థమవుతుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఒక సూత్రం ఉంది. ఎంత పొడవైన రాతను దానికి ఇచ్చినా 64 స్థానాల సంఖ్య ఒకటి బయటికి వస్తుంది, దాన్ని హ్యాష్ అంటారు. మూలంలో ఒక్క చుక్క మారినా హ్యాష్ పోలికే లేకుండా మారిపోతుంది, హ్యాష్‌ను చూసి మూలాన్ని రాబట్టే అడ్డదారి ఎవరికీ తెలియదు. కొత్తగా చేరవలసిన లావాదేవీలను ఒక కట్టగా కడితే దాన్ని బ్లాకు అంటారు, ప్రతి బ్లాకుకూ 80 బైట్ల శీర్షిక ఉంటుంది. అందులో ముందటి బ్లాకు హ్యాష్, ఈ బ్లాకులోని లావాదేవీలన్నిటి నుంచి తీసిన మరో హ్యాష్, సమయం లాంటి వివరాలతోపాటు నాన్స్ అనే గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో అంకెను మార్చుకుంటూ, శీర్షికను ఆ సూత్రంలో రెండుసార్లు తిప్పి, వచ్చిన సంఖ్య నిర్ణయించిన హద్దు కంటే చిన్నదా కాదా అని చూడటాన్నే మైనింగ్ అంటున్నాం.

నిన్న రాత్రి హాస్టల్లో మీకోసం పది వరసల పైథాన్ ప్రోగ్రాం రాసి చూశాను. నా పేరు పక్కన 1, 2, 3 అని అంకెలు చేర్చుకుంటూ పోయి, హ్యాష్ మొదట్లో నాలుగు సున్నాలు వచ్చేదాకా ఆగవద్దన్నాను. మొదట్లో సున్నాలు ఎక్కువైతే సంఖ్య అంత చిన్నదన్నమాట. ఒక్కో స్థానంలో పదహారు గుర్తులు ఉండవచ్చు కనుక సగటున 65,536 ప్రయత్నాలు పట్టాలి. రెప్పపాటులో వచ్చేసింది. ఆరు సున్నాలు కావాలంటే సగటు 1,67,77,216 ప్రయత్నాలకు పెరుగుతుంది. మొదటిసారి ఆరేడు సెకన్లలో దొరికింది, పేరు చివర ఒక చుక్క పెట్టి మళ్లీ నడిపితే నిమిషం దాటినా దొరకలేదు. రెండోసారి నా ల్యాప్‌టాప్ తెలివేమీ తగ్గలేదు, అదృష్టం కలిసిరాలేదంతే. ఎంతసేపు వెతికినా వెతకవలసింది అప్పుడే మొదలైనట్టు ఉంటుంది తప్ప, గమ్యానికి దగ్గరపడటం అనేది ఈ పనిలో లేదు.

అసలు కిటుకు ఆ తరువాత ఉంది. దొరికిన అంకెను నేను మీకు పంపిస్తే, మీరు ఆ సూత్రాన్ని ఒక్కసారి నడిపి ఆరు సున్నాలనూ కళ్లారా చూస్తారు. నా గదికి రాకుండానే, నన్ను నమ్మనవసరం లేకుండానే, ఈ పిల్లవాడు కోటికి పైగా ప్రయత్నాలకు సరిపడే కరెంటు కాల్చి ఉంటాడని అంచనా వేయగలరు. ఆ అంకె లోకంలో మరి దేనికీ పనికిరాదు, ఖర్చు పెట్టాననడానికి రుజువుగా మాత్రమే పనికొస్తుంది. ఈ పద్ధతిని ప్రూఫ్ ఆఫ్ వర్క్ అనేది అందుకే.

ఈ ఆలోచన బిట్‌కాయిన్‌తో పుట్టలేదన్నది కూడా గమనించాలి. అడ్డూ అదుపూ లేకుండా వచ్చే చెత్త మెయిళ్లను ఆపడానికి, పంపే ప్రతి మెయిలుకూ కంప్యూటరుతో కొంత శ్రమ చేయించాలని 1992లో సింథియా డ్వోర్క్, మోనీ నావోర్ ప్రతిపాదించారు. ఒక మెయిలు పంపేవాడికి ఆ శ్రమ తెలియదు, పది లక్షలు పంపేవాడికి మాత్రం నడుం విరుగుతుంది. 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్ పేరుతో దాదాపు ఇలాంటి ఏర్పాటే చేశారు, బిట్‌కాయిన్‌ను రూపొందించిన సతోషి నకమోటో 2008 అక్టోబరు 31న విడుదల చేసిన బిట్‌కాయిన్ పత్రంలో దాన్ని ప్రస్తావించారు కూడా.

దస్తావేజు లేఖరి, చిత్తూరు

విద్యార్థి గారు రుజువు ఎలా తయారవుతుందో చక్కగా చెప్పారు. మాస్టారు అడిగింది ఆ రుజువు దేనికని కదా. కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది తక్కువ, కానీ ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మిన వాళ్లను నా వృత్తిలో చాలామందిని చూశాను కనుక ఆ వైపు నుంచి చెబుతాను.

మా దగ్గరికి వచ్చే తగాదాల్లో ఒకటి ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఒక ఆసామి తన సైటును సోమవారం ఒకరికి, బుధవారం ఇంకొకరికి రాసిచ్చి, ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుని కనిపించకుండా పోతాడు. రెండు దస్తావేజులూ చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండింటి మీదా సంతకం అతనిదే. అప్పుడు ముందు తేల్చవలసింది ఏది మొదటిది అన్నదే. దానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం, అక్కడి పుస్తకం, దస్తావేజు సంఖ్య, తేదీ ఉన్నాయి. వరస తప్పకుండా రాసి పెట్టే ఒక మనిషి, ఆ మనిషి మీద ఒక ప్రభుత్వం ఉన్నాయి.

కంప్యూటరులో దాచిన నాణేనికి ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే అంకెను నకలు తీయడం స్థలాన్ని రెండుసార్లు అమ్మడం కంటే సులువు. బ్యాంకుల్లో ఈ బెడద రాదు, ఆవర్జా బ్యాంకు చేతిలోనే ఉంటుంది కదా. బిట్‌కాయిన్ తెచ్చినవాళ్లు ఆవర్జా రాసే అధికారి ఎవరూ ఉండకూడదన్నారు, పుస్తకం నకలు కావలసిన వాళ్లందరి దగ్గరా ఉంటుందన్నారు. బాగుంది, మరి రెండు నకళ్లలో రెండు రకాల వరస ఉంటే ఏది నిజం? చేతులెత్తించి లెక్కపెడదామా అంటే, ఇంటర్నెట్‌లో ఒక్కడే పదివేల పేర్లతో పదివేల చేతులు ఎత్తగలడు. అందుకని మనుషులను లెక్కపెట్టడం మానేసి, ఖర్చును లెక్కపెట్టారు. ఏ పుస్తకం వెనుక ఎక్కువ పని పోగుపడి ఉందో అదే అసలు పుస్తకం. దొంగపేర్లు ఉచితంగా పుట్టించవచ్చు, కరెంటును పుట్టించలేరు.

ఇక ప్రతి కట్టలోనూ ముందటి కట్ట వేలిముద్ర, అంటే హ్యాష్, ఉంటుందని విద్యార్థి గారే చెప్పారు. నెల క్రితం నాటి ఒక పద్దును ఎవరైనా దిద్దాలనుకుంటే ఆ కట్ట వేలిముద్ర మారుతుంది, దాంతో దాని తరువాతి కట్ట చెల్లదు, ఆ తరువాతిదీ చెల్లదు. నెల రోజులపాటు లోకమంతా చేసిన పనిని ఒక్కడే మళ్లీ చేయాలి, అది కూడా మిగిలినవాళ్లు ముందుకు పోతూ ఉండగా వాళ్లను దాటిపోయేంత వేగంగా చేయాలి. నాకు అర్థమైనంతలో మాస్టారు గారి ప్రశ్నకు జవాబు అదే. పుస్తకం రాయడానికి ఆ లెక్కలు అక్కర్లేదు, రాసినదాన్ని దిద్దడం ఎవరికీ గిట్టుబాటు కాకుండా చేయడానికే అవి కావాలి.

నా సొంత అభిప్రాయం కూడా ఒకటి చెప్పనివ్వండి. నమ్మదగిన రిజిస్ట్రారు ఉన్న చోట ఈ తతంగమంతా శుద్ధ దండగ. మన ఊళ్లో చీటీ పాడుకునేవాళ్లు తమ చీటీల పుస్తకాన్ని బ్లాక్‌చెయిన్‌లో, అంటే ఇలా గొలుసుకట్టిన కట్టల పుస్తకంలో, పెడతామంటే నేను ఒప్పుకోను.

గాలిగోపురం

లేఖరి గారి మాటకు మన ఊరి పోలిక ఒకటి చేరుస్తాను. కొండకు నడిచి వెళ్లే భక్తులకు ఇచ్చే దివ్యదర్శనం టోకెన్లను కొంతకాలం అలిపిరిలో కాకుండా పైన గాలిగోపురం దగ్గర ఇచ్చారు. అలిపిరిలోనే ఇస్తే టోకెను జేబులో వేసుకుని బస్సెక్కేవాళ్లు ఉంటారు. రెండు వేల మెట్లెక్కి చెమటలు కక్కుతూ వచ్చి నిలబడ్డవాడిని, నువ్వు నడిచావా అని ఎవరూ అడగనక్కర్లేదు, అక్కడ ఉండటమే రుజువు. మెట్లెక్కడం వల్ల కౌంటరులో కూర్చున్న ఉద్యోగికి ఒరిగేదేమీ లేదు, ఎక్కినవాడెవడో ఎక్కనివాడెవడో తెలుస్తుంది.

ఏర్పేడు విద్యార్థి

పోలిక చాలా బాగుంది, ఒక్క చోట మాత్రం సరిపోదు. మెట్ల మీద ఎవరు ఎక్కినా ఎంతోకొంత పైకి చేరుతారు, మైనింగ్‌లో అలా లేదు, అది ప్రతి మెట్టు మీదా తీసే లాటరీ. పైగా ఎంతమంది ఎక్కితే అన్ని మెట్లు పెరుగుతాయి.

ఈ చివరి మాటను చాలామంది పట్టించుకోరు. 2009 జనవరి 3న మొదటి బ్లాకు పుట్టిన రోజుల్లో ఏవో కొన్ని మామూలు కంప్యూటర్లు ఉన్నప్పుడూ బ్లాకుకు పది నిమిషాలే లక్ష్యం, లక్షల యంత్రాలు గోదాముల్లో గిరగిర తిరుగుతున్న ఇప్పుడూ పది నిమిషాలే. ప్రతి 2016 బ్లాకులకు, అంటే సుమారు రెండు వారాలకు ఒకసారి, అవి ఎంత వేగంగా వచ్చాయో చూసి హద్దును ఆ ప్రోగ్రామే సవరించుకుంటుంది. చైనా 2021లో మైనింగ్‌ను మూసివేయించినప్పుడు యంత్రాలు పెద్ద సంఖ్యలో ఆగిపోయి బ్లాకులు ఆలస్యమయ్యాయి, జూలై 3న కష్టస్థాయి ఒక్కసారిగా 28 శాతం దాకా తగ్గింది, బండి మళ్లీ పది నిమిషాల దారిలో పడింది. యంత్రాలు పదిరెట్లయినా లావాదేవీలు పదిరెట్లు కావు, పుస్తకాన్ని దిద్దదలచినవాడి ఖర్చు మాత్రం పదిరెట్లవుతుంది. నెట్‌వర్క్ మొత్తం వేగాన్ని సెకనుకు 600 ఎక్సాహాష్‌లుగా (ఒక ఎక్సాహాష్ అంటే 1 పక్కన 18 సున్నాలన్ని ప్రయత్నాలు) తీసుకుంటే ఒక్క బ్లాకు వెనుక పోయే ప్రయత్నాలు 36 పక్కన 22 సున్నాలు పెట్టినంత.

ఖర్చు తక్కువైన చోట ఏమవుతుందో కూడా చూశాం. 2018 మే నెలలో బిట్‌కాయిన్ గోల్డ్ అనే వేరే నాణెం మీద, 2019 జనవరిలోనూ 2020 ఆగస్టులోనూ ఈథీరియం క్లాసిక్ అనే మరో నాణెం మీద, నెట్‌వర్క్ వేగంలో సగానికి మించినదాన్ని చేతిలో పెట్టుకున్నవాళ్లు ఇటీవలి బ్లాకులను తిరగరాసి, ఒకసారి ఖర్చుపెట్టిన నాణేలను మళ్లీ ఖర్చు పెట్టారు. లేఖరి గారు చెప్పిన రెండు దస్తావేజుల వ్యవహారమే అది.

పాత లెక్కల మాస్టారు, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. చాలావరకు తెలిసింది కానీ లెక్కలవాడి మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం అంచనాలో బిట్‌కాయిన్‌కు ఏడాదికి 100 టెరావాట్ గంటల పైన విద్యుత్తు ఖర్చవుతోందని చదివాను, మన లెక్కలో అది 10,000 కోట్ల యూనిట్లు. ఎలాగూ ఖర్చు పెట్టించాలనుకున్నప్పుడు ఆ ఖర్చును ఒక మంచి పనికి మళ్లించవచ్చు కదా? ప్రోటీన్ అణువులు మడతపడే తీరును లెక్కగట్టించవచ్చు, వాతావరణం లెక్కలు చేయించవచ్చు. ఖాళీ గడిలో అంకెలు నింపించడమే ఎందుకు?

ఏర్పేడు విద్యార్థి

మాస్టారూ, మొదటి సంవత్సరంలో నేనూ ఇదే అడిగి మా గైడు చేత చీవాట్లు తిన్నాను. ఆయన నన్ను తిరిగి అడిగిన మొదటి ప్రశ్న, ఆ ప్రోటీన్‌ను ఇచ్చేదెవరు అని. లెక్కను ఎవరో ఒకరు ఇవ్వాలంటే ఆ ఇచ్చేవాడే రిజిస్ట్రారు అయి కూర్చుంటాడు, తనవాళ్లకు ముందే జవాబు చెప్పి ఉంచగలడు. హ్యాష్ విషయంలో ప్రశ్నను ముందటి బ్లాకే పుట్టిస్తుంది, అది రాకముందు ఎవరూ సిద్ధం కాలేరు. ఇక జవాబును దిద్దడం. ప్రోటీన్ మడత సరైనదో కాదో తేల్చడానికి చేసినంత పనీ మళ్లీ చేయవలసి వస్తే, పుస్తకం నకలు పెట్టుకున్న ప్రతివాడికీ సూపర్ కంప్యూటర్ కావాలి. కష్టస్థాయిని ఈ వారం మూడు శాతం పెంచు, వచ్చే విడత అయిదు శాతం తగ్గించు అంటే అటువంటి సమస్యలు మన మాట వినవు కూడా.

అన్నిటికంటే ముఖ్యమైనది, పని ఆ బ్లాకుకు అతుక్కుని ఉండాలి. ఒక పద్దు మారితే చేసిన పని మొత్తం చెత్తబుట్టలోకి పోవాలి. ప్రోటీన్ జవాబును చింపి ఇంకో పుస్తకానికి అంటించగలిగితే అది ఏ పుస్తకానికీ కాపలా కాయదు.

ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 2013లో వచ్చిన ప్రైమ్‌కాయిన్‌లో హ్యాష్‌కు సున్నాలు వెతికించడానికి బదులు, కన్నింగ్‌హామ్ శ్రేణులు అనే ప్రధాన సంఖ్యల వరసలను వెతికించారు. 2, 5, 11, 23, 47 అని ప్రతిదాన్నీ రెట్టించి ఒకటి కలిపితే మళ్లీ ప్రధాన సంఖ్య వచ్చే వరసలు మీకు తెలిసినవే. మీకు నచ్చే నాణెం అదొక్కటే అనుకుంటాను. నా అభిప్రాయంలో మాత్రం ఉపయోగం పెరిగేకొద్దీ కాపలా బలహీనపడుతుంది, ఎందుకంటే దాడి విఫలమైనా జవాబులు అమ్ముకుని ఖర్చు రాబట్టుకునే దారి దొంగకు దొరుకుతుంది.

గాలిగోపురం

ఈథీరియం ప్రశ్న అలాగే మిగిలిపోయింది, నేను చెబుతాను. 2022లో వాళ్లు మానేసింది కరెంటు ఖర్చును, ఖర్చు పెట్టించాలన్న సూత్రాన్ని కాదు. ఇప్పుడు పుస్తకం రాయడంలో పాలుపంచుకోవాలంటే కనీసం 32 ఈథర్‌ను డిపాజిట్‌గా కట్టాలి, ఒకే సమయానికి రెండు వేర్వేరు బ్లాకులకు సంతకం చేసి దొరికిపోతే ఆ డిపాజిట్‌లో కోత పడుతుంది. అంటే ముందు కరెంటు రూపంలో కాలిపోయే సొమ్మును ఇప్పుడు ధరావతు రూపంలో కట్టిపెట్టి, తప్పు చేసినప్పుడే లాక్కుంటున్నారు. విద్యుత్ వినియోగం 99.95 శాతం దాకా తగ్గిందని వాళ్ల ఫౌండేషన్ అంచనా. దీనివల్ల సొమ్మున్నవాడిదే మాట అవుతుందని బిట్‌కాయిన్ పక్షంవాళ్లు విమర్శిస్తారు. గోదాము నిండా యంత్రాలు కొనగలిగినవాడు పేదవాడా అని అవతలివాళ్లు అడుగుతారు. నాకు రెండో పక్షమే సబబుగా తోస్తుంది.

చిట్టా ఆవర్జా, చిత్తూరు

మేనల్లుడు గారు యంత్రం కొనేముందు ఈ లెక్క చూసుకోవాలి. సెకనుకు 95 టెరాహాష్‌ల (ఒక టెరాహాష్ అంటే లక్ష కోట్ల ప్రయత్నాలు) యంత్రం 3,250 వాట్లు తాగుతుంది, రోజుకు 78 యూనిట్లు, నెలకు 2,340. ఇంటి కనెక్షన్‌లో 400 దాటిన యూనిట్‌కు 9.75 రూపాయల చొప్పున వేసుకుంటే నెలకు 22,000 పైమాట. విద్యార్థి గారి 600 ఎక్సాహాష్‌ల అంచనాతో, ఒంటరిగా నడిపితే ఆ యంత్రానికి బ్లాకు దొరకడానికి సగటున 120 ఏళ్లు పడుతుంది. అందుకే అందరూ పూల్ అనే ఉమ్మడి జట్టులో చేరి, వచ్చినదాన్ని చేసిన పనినిబట్టి పంచుకుంటారు. బ్లాకు దొరికినవాడికి కొత్త నాణేలుగా వచ్చే బహుమతి కూడా 2009లో బ్లాకుకు 50 బిట్‌కాయిన్లు ఉండగా సగం సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగింది. మన దేశంలో క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది, కరెంటు బిల్లును అందులోంచి తీసేయనివ్వరు.

పాత లెక్కల మాస్టారు, తిరుపతి

ఈ ముక్క మావాడికి చదివి వినిపించాను. 120 ఏళ్ల దగ్గర నవ్వాడు, 22,000 దగ్గర నవ్వు ఆపాడు.

విద్యార్థి గారి ప్రోగ్రాంను నేనూ నడిపించాను. నా పేరుకు ఆరు సున్నాలు రావడానికి కాఫీ తాగేంత సమయం పట్టింది. చివరిగా ఒక చిన్న సందేహం మిగిలింది. నాన్స్ గడి 4 బైట్లదని ఎక్కడో చదివాను. అంటే అందులో పట్టే అంకెలు 429 కోట్ల చిల్లర మాత్రమే. పైన చెప్పిన యంత్రం వాటిని సెకనులో వెయ్యోవంతు కూడా పట్టకుండా ముగించేస్తుంది కదా, అందులో ఏదీ కుదరకపోతే ఏం చేస్తారు?

ఏర్పేడు విద్యార్థి

సరిగ్గా పట్టుకున్నారు, సాధారణంగా అలాగే జరుగుతుంది. ప్రతి బ్లాకులోనూ మొదటి లావాదేవీ మైనరు తన బహుమతిని తనకే రాసుకునే పద్దు. అందులో ఇష్టమొచ్చిన రాత రాసుకోవడానికి కొంచెం చోటుంటుంది. నాన్స్ అయిపోగానే అక్కడ ఒక అంకె మారుస్తారు, దాంతో లావాదేవీలన్నిటి హ్యాష్ మారి శీర్షిక కొత్తదవుతుంది, మళ్లీ 429 కోట్ల అవకాశాలు చేతికొస్తాయి. మొట్టమొదటి బ్లాకులో సతోషి ఆ చోటులోనే 2009 జనవరి 3 నాటి లండన్ టైమ్స్ పత్రిక శీర్షికను రాశారు, బ్యాంకులను రెండోసారి ఆదుకోవడానికి బ్రిటన్ ఆర్థికమంత్రి సిద్ధపడుతున్నారన్న వార్త అది. ఆ తేదీకి ముందే ఎవరికీ తెలియకుండా బ్లాకులు తయారుచేసి దాచుకోలేదనడానికి దాన్ని సాక్ష్యంగా చూపుతారు.